అంబాసిడర్‌లో రెండు రౌండ్లు

మా అక్క పెట్టిన షరతు ఒక్కటే. "క్లబ్బోళ్ళ రోడ్డు మీద తోలి సూపించు. నాను పక్కన కూకుంటాను. అక్కడ బాగుంటే అప్పుడు స్టాండుకెల్దువు గాని."

బావ ఒప్పుకున్నాడు. ఒప్పుకోక దారి లేదు. వానాకాలంలో వచ్చిన పక్షవాతం చలికాలానికి చాలావరకు తగ్గింది. మాట తిరిగొచ్చింది. ఎడమ కాలు కొంచెం ఈడుస్తున్నా నడుస్తున్నాడు. రైల్వే స్టేషన్ దగ్గర ట్యాక్సీ స్టాండులో తన అంబాసిడర్ నిలబడే చోటు ఇంకా ఖాళీగానే ఉంచారని స్నేహితులు చెబితే, రోజూ పొద్దున్నే ఖాకీ చొక్కా తొడుక్కుని జాలరిపేటలో మా ఇంటి అరుగు మీద కూర్చునేవాడు. ఎక్కడికీ వెళ్ళేది లేదు. అయినా తొడుక్కునేవాడు.

నేను పదో తరగతితో బడి మానేసినవాణ్ణి. మిగతాదంతా శాఖా గ్రంథాలయంలో నేర్చుకున్నాను. ఆ మాట చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ గర్వమే. మెదడు, నరాల గురించి అక్కడున్న పుస్తకంలో పనికొస్తాయనుకున్న అధ్యాయాలు చదివి, ముఖ్యమైనవి సాయంత్రాలు బావకి వినిపించేవాణ్ణి. మెదడులో ఒక ముక్క పాడైతే పక్క ముక్క ఆ పని నేర్చుకుంటుందట, విసుగు లేకుండా నేర్పాలట. ఎడమ చేతికి రబ్బరు బంతి ఇచ్చి నొక్కించేవాణ్ణి.

"ఒరే బామ్మర్దీ, నీ పుస్తకంలో గేరు మార్సడం ఉందేటి?" అని ఏడిపించేవాడు.

అన్నం తినేటప్పుడు మాత్రం ఒక వింత జరిగేది. బావ కంచంలో ఒక పక్క తిని, అయిపోయిందన్నట్టు చెయ్యి కడుక్కోబోయేవాడు. అక్క కంచాన్ని తిప్పేది. "ఇంకా ఉందేటే?" అంటూ మిగిలిన సగం తినేవాడు. దాని గురించి మేమెవరం మాట్లాడుకోలేదు.

క్లబ్బంటే పాత కార్ల మీద మోజున్నవాళ్ళది. స్టీలు ప్లాంటు ఉద్యోగులు, పోర్టువాళ్ళు, ఒకరిద్దరు డాక్టర్లు ఉండేవారు. ట్యాక్సీ ప్లేటుతో చేరినవాడు మా బావ ఒక్కడే. ఏడాదికి ఒకసారి ఒక ఆదివారం అందరూ కుటుంబాలతో వచ్చి, కూర్మన్నపాలెం దాటాక ఎవరో ప్లాట్లు వేసి వదిలేసిన చోట, నలుచదరంగా ఉన్న సిమెంటు రోడ్డు మీద కార్లు తోలేవారు. పోటీ ఏమీ లేదు. రోడ్డుకి రెండు వైపులా ఖాళీ డ్రమ్ములు పెట్టేవారు. ఒక్కో కారు ఒంటరిగా వెళ్ళేది. ఇంటివాళ్ళని ఎక్కించుకుని ఎంత వేగం కావాలంటే అంత వేగంతో తిరగొచ్చు. ఊళ్ళో రోడ్ల మీద కుదరని సరదా అది.

ఆ ఏడు మా అంబాసిడర్‌ని అక్కడి దాకా తోలుకొచ్చింది స్టాండులో బావ స్నేహితుడు. దిగి తాళాలు ఇస్తూ, "మావఁ, బ్రేకు మధ్యలో ఉంటాది, మర్సిపోయావేటో" అన్నాడు. షామియానా కింద అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడు. అక్క నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఎడమ పక్కన ముందు సీట్లో కూర్చుంది. నేను వెనక సీట్లో కూర్చున్నాను.

మొదటి రౌండు ఎంత బాగా సాగిందో! బావ చేతులు స్టీరింగు మీద పాత చేతుల్లాగే ఉన్నాయి. నెమ్మదిగా తోలాడు. తోలుతూ తనలో తను ఏదో అనుకుంటున్నాడు. ముందుకి వంగి విన్నాను.

"పొగ్గొట్టం... తాటిసెట్టు దాటితే మలుపు... కొండ కొమ్ము..."

బావ కుర్రతనంలో వాళ్ళ నాన్నతో చేపల వేటకి వెళ్ళినవాడు. సముద్రం మీద చేపలున్న చోటుకి దారి పట్టేది ఒడ్డు మీది గుర్తులతోనే. ఈ కొండా ఆ గుడీ ఒక వరసకి వస్తే వల అక్కడ వెయ్యాలి. గుర్తు కుదిరాక ఇంక నీళ్ళకేసి చూడనక్కర్లేదు. సిమెంటు రోడ్డు మీద కూడా బావ అలాగే గుర్తులు పట్టి తోలుతున్నాడు. నాకు భలే ముచ్చటేసింది. మెదడు కొత్త దారి నేర్చుకుందని, నేను చదివిందే నిజమైందని పొంగిపోయాను. అతను చెప్పుకుంటున్న గుర్తులన్నీ కుడి పక్కవేనని నాకు తట్టలేదు.

షామియానా దగ్గర చప్పట్లు కొట్టారు. బావ ఆపలేదు. "ఇంకోటి" అని గేరు మార్చాడు.

"సాల్లే, దిగిపోదాం" అంది అక్క.

"ఉండెహె, ఇప్పుడే కదా ఏడెక్కింది."

ఈసారి వేగం పెంచాడు. చివరి మలుపులో కారు ఎడమకి జరుగుతూ పోయింది. అక్క "డ్రమ్ములు, డ్రమ్ములు" అని అరిచింది. బావ తాటిచెట్టుకేసే చూస్తున్నాడు. ఒకటి, రెండు, వరసగా డ్రమ్ములు ఎగిరిపోయాయి. వాటిలో ఒకటి దొర్లుకుంటూ షామియానాలోకి వెళ్ళి పులిహోర గిన్నెని తిరగేసింది. ఆడవాళ్ళు పిల్లల్ని లాక్కుని పరుగెత్తారు. అదృష్టం, ఎవరికీ ఏమీ కాలేదు.

బావ బ్రేకు వేసి, కిటికీలోంచి కుడి పక్కకి తల పెట్టి చూశాడు.

"ఏటది సప్పుడు? సైలెన్సరు గాని ఊడిపోనాదేటి?"

నేను వెనక్కి తిరిగి దొర్లుతున్న డ్రమ్ముల్ని చూస్తున్నాను.

"ఏటే, పలకవు?" అన్నాడు అక్కని. పక్కనే ఉన్న మనిషి కోసం మొహం పూర్తిగా తిప్పాల్సి వచ్చింది అతనికి. అప్పటికి గాని కనపడలేదనుకుంటాను. అక్క చెంపలు తడిసి ఉన్నాయి.

క్లబ్బు ప్రెసిడెంటు ప్లాంటులో ఇంజనీరు, మర్యాదస్తుడు. దగ్గరికి వచ్చి బావని దింపి, భుజం పట్టుకుని కారు ఎడమ పక్కకి నడిపించాడు. సొట్టలు పడిన తలుపు మీద బావ అరచెయ్యి ఆనించి, తల అటూ ఇటూ తిప్పుతూ చాలాసేపు చూశాడు.

"ఇవి నాను కొట్టినవేనా, సార్?"

"ఫర్వాలేదులేవయ్యా, ఖాళీ డ్రమ్ములే కదా."

"కాదు సార్, నాకసలు అగుపడనేదు."

అది చెప్పి, తాళాలు తీసి స్నేహితుడి చేతిలో పెట్టాడు.

ఆ తరువాతి వారం గ్రంథాలయంలో నేను వదిలేసిన కళ్ళ అధ్యాయం చదివాను. కన్ను బాగానే ఉంటుందట, మెదడులో చూసే చోటు పోతే ప్రపంచంలో ఒక పక్క సగం ఉండదట. లేదని ఆ మనిషికి తెలియకపోవచ్చట. దానికొక పేరు కూడా ఉంది. మందు ఏమిటా అని తరువాతి పేజీ తిప్పాను. అక్కడ వేరే జబ్బు మొదలైంది. అది బావకి చదివి వినిపించలేదు.

డ్రమ్ములు కొట్టిన ఆ ఆదివారం మధ్యాహ్నం ఇంటికి తిరిగొచ్చేటప్పుడు స్నేహితుడే బండి తోలాడు. తన కారులో ఎడమ సీట్లో బావ కూర్చోవడం అదే మొదటిసారి. వెనకాల అక్కా నేనూ ఉన్నాం. గాజువాక దాటేదాకా బావ స్నేహితుణ్ణి తిడుతూనే ఉన్నాడు. క్లచ్చి మీంచి కాలు తియ్యమన్నాడు, థర్డులో లాగొద్దన్నాడు. "అలాగే మావఁ" అంటూ అతను వినయంగా తోలాడు.

ఊళ్ళోకి వచ్చాక బావ మెల్లగా అడిగాడు. "రేపు పొద్దున ట్రిప్పుకి నువ్వే తీస్తావా?"

స్నేహితుడు అద్దంలో అక్క మొహం చూశాడు. "నువ్వంటే తీత్తాను మావఁ."

"సలికి ఇంజను వెంటనే అందుకోదు. చోకు పిడి సగమే లాగు. నిండా లాగితే పెట్రోలు కొట్టేత్తది."

"అలాగే."

"సగమే" అన్నాడు బావ మళ్ళీ, చెయ్యెత్తి వేళ్ళతో ఎంత లాగాలో గాలిలో చూపిస్తూ.