పులి వంశపు సోంబరు రొయ్య తిన్న రోజు

కిల్లో సోంబరు పులి వంశం వాడు. పులికి దండం పెడితే చాలు, చేపలూ రొయ్యలూ ఎన్నైనా తినొచ్చు. కానీ అవే అతనికి పడవు. ఎండు రొయ్య ఒక్కటి నాలుకకు తగిలిందంటే పెదవులు ఉబ్బి, కళ్ళు పూడుకుపోయి, ఒళ్ళంతా దద్దుర్లు లేచేవి. ఇంటిపట్టున ఉండే మనిషైతే తల్లి చూసుకునేది. ఇతనిది కావిడి బతుకాయె. మోటారు ఇంకా ఎక్కని ఆ పంతొమ్మిదివందల ఇరవైల నాటి మన్యం ఘాటీ దారిలో పసుపూ చింతపండూ కిందికి దించి, ఉప్పు పైకి మోసేవాడు. ఏ ఊళ్ళో పొద్దుగూకితే ఆ ఊళ్ళోనే తిండి.

దారిన వచ్చినవాడికి పెట్టే కూరలో రొయ్యపొట్టు పడకపోతే ఇల్లాలికి నామోషీ. విస్తరి ముందు కూర్చుని "ఇందల ఏటేసినారు?" అని సోంబరు అడగడం, "సిటికెడే ఏసినాం, ఏటీ అవదు, తిను" అని వాళ్ళనడం. ఎదుటివాడి కడుపు సంగతి లోకమంతటికీ తెలుసు, వాడికి తప్ప! పెదబయలు దారిలో ఒక ముసలమ్మ మాట తీసెయ్యలేక తిన్నాడు. ఊపిరందక కొట్టుకుంటుంటే దెయ్యం పట్టిందని మంత్రగాడిని పిలిచారు. రొయ్యతో పాటు వేపమండల దెబ్బలు కూడా తిన్నాడు.

ఆ దెబ్బలకు తెలివొచ్చింది. "మాది సేప వంశం" అనడం మొదలుపెట్టాడు. కొండల్లో ఏ వంశం వాడూ తన వంశపు జీవాన్ని తినడు, నీళ్ళలో బతికేదేదీ చేప వంశం వాడు ముట్టడు. తినమని బలవంతపెట్టేవాడూ లేడు. ఆ ఒక్క మాటతో ఎక్కడికెళ్ళినా అతనికి వేరే కుండలో కూర ఉడికేది.

అలా చెప్పుకుంటూ ఒకనాడు జి.మాడుగుల అవతల సుక్రు ఇంటికి చేరాడు. సుక్రుది నిజంగానే చేప వంశం. "మన రగతమేరా, కొడకా!" అని కావిలించుకుని సామన్నం, చిక్కుడుగింజల కూర పెట్టించాడు. పరాయి ఇంట్లో కూర వాసన చూడకుండా సోంబరు తిన్న మొదటి భోజనం అదే. వడ్డించింది సుక్రు కూతురు కనక. అప్పటినుంచి ఎంత చుట్టుతిరుగుడైనా కావిడి ఆ ఊరిమీదుగానే నడిచింది. కనక మనసులో ఏముందో అతని విస్తట్లో కూర చూస్తే తెలిసేది.

తీరా పిల్లనడిగేసరికి సుక్రు కర్ర తీశాడు.

"ఒకే వంశం! సెల్లిని మనువాడతావేట్రా?"

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. సోంబరు జరిగిందంతా చెప్పుకున్నాడు. ఎవరు నమ్ముతారు? ఊరి పెద్ద నాయుడు తీర్పు చెప్పాడు: "నువ్వు పులోడివైతే అందరి ముందూ రొయ్య తిను."

కనకను పోగొట్టుకోవడం కంటే ఉబ్బడమే నయమనుకున్నాడు సోంబరు. పక్కింటినుంచి తెచ్చిన ఎండు రొయ్యను కళ్ళు మూసుకుని నమిలాడు. కాసేపటికి ముఖం పనసకాయైంది.

"సూసినారా! సేపతల్లికి కోపమొచ్చింది. ఈడు మనోడే!" అని సుక్రు కేకేశాడు. కాదని చెబుదామంటే సోంబరుకు వాచిన నాలుక తిరగలేదు.

కనక అతని చేతికి నీళ్ళిచ్చి తండ్రివైపు తిరిగింది.

"అయ్యా, మొన్న సంతలో కల్లు తాగి ఎండు సేప తిన్నావు గదా. నీ మొకం ఉబ్బనేదేటి?"

ఊరంతా సుక్రును చూసింది. సుక్రు నేలను చూశాడు.

"అది... సిన్న సేపే," అన్నాడు.

నాయుడు నవ్వాపుకోలేకపోయాడు. "సేపతల్లి సొంత బిడ్డని ఒగ్గేసింది, పైవోడిని పట్టుకుంది. ఉబ్బుకీ వంశానికీ పొత్తు నేదు, ఈడు పులోడే. పెళ్ళి బేగి సెయ్యండి!"

తప్పు కింద సుక్రు ఊరికి కోడికూర పెట్టాడు. కనక పుట్టింటినుంచి కొత్త కుండలు తెచ్చుకుంది. పుట్టు వంశం మీద ఒట్టేసి, వాటిలో చేపగానీ రొయ్యగానీ పడనివ్వనంది. ఆ తర్వాత సోంబరు ఎన్ని ఊళ్ళు తిరిగినా, ఎక్కడ కూర్చున్నా ముందు కూర వాసన చూసేవాడు. ఇంటికొచ్చి కావిడి దించాక మాత్రం, కూరలో ఏమేశావని కనకను ఒక్కనాడూ అడగలేదు.