పందిరి కింద సాక్షులు

ఈ వ్యవహారం ఏ శాఖ పరిధిలోకి వస్తుందో ఆ శాఖ అధికారుల సముఖమునకు. వారు సెలవులో ఉన్న పక్షంలో వారి కుర్చీలో కూర్చున్న వారి సముఖమునకు. కుర్చీ కూడా ఖాళీగా ఉన్న పక్షంలో, ఎన్నడూ సెలవు దొరకని పాఠకుల సముఖమునకు, సంతోష్‌నగర్‌లోని ఒకానొక గల్లీ నివాసుల తరఫున సవినయంగా విన్నవించుకొనునది ఏమనగా:

మా బాపు చనిపోయారు. ఆదివారం పొద్దున చాయ్ తాగి, గ్లాసు తనే కడిగి, అరుగు మీద బోర్లించి, గోడకు చేరగిలబడ్డారు. చర్చి నుంచి తిరిగి వస్తున్నవాళ్లు పలకరిస్తే పలకలేదు. గ్లాసు సంగతి ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. ఆయన చరిత్రలో గ్లాసులది పెద్ద పాత్ర.

ఆయనకు సంతానం లేదు. అందువల్ల బాపు అనే హోదా ఏ ఒక్కరి సొంతమూ కాకుండా గల్లీ మొత్తానికి దఖలు పడింది. ఒక సర్కారీ కార్ఖానాలో ఫోర్‌మన్‌గా పనిచేసి రిటైరైనారు. రిటైరైన తరువాత కూడా ఖాకీ చొక్కాను ఇస్త్రీ చేయించి తొడుక్కునేవారు. కార్ఖానా సైరన్ వినబడితేనే అన్నానికి కూర్చునేవారు. సమ్మె జరిగిన రోజుల్లో సైరన్ మోగక ఆయన పస్తుండబోతే, సందు చివరి దర్జీ చాచా పళ్లెం మీద గరిటెతో మోగించి ఆ పూట గడిపించాడు. గల్లీలో ఎవరి స్టవ్ మొరాయించినా బాపు వచ్చి ముందు దాని మీద చెయ్యి ఆనించి కాసేపు ఊరుకునేవారు. “మిషన్‌ను కొట్టొద్దు బిడ్డా. ఏమైందో అడుగు, అదే చెప్తది” అనేవారు. స్టవ్‌లు చెప్పేవో లేదో నాకు తెలియదు. అడిగినవాడి కోపం మాత్రం తగ్గేది.

ఇక అసలు విషయం. బార్కస్ దాటి ఇంకా ముందుకు పోతే, గుట్ట పక్కన, బాపు అత్తగారి వాళ్ల పొలం ఉంది. అందులో ఒక మూల నిలువుగా పాతిన రాతి కడీల మీద ద్రాక్ష పందిరి. ఆ తీగలు నాటింది బాపు భార్య. మేమంతా ఆమెను పెద్దమ్మ అనేవాళ్లం. ఆమె ప్రతి ఏడూ కోత కాగానే పచ్చళ్ల జాడీలో ద్రాక్ష చిదిమి, చక్కెర, గుప్పెడు గోధుమలు, నాలుగు లవంగాలు వేసి, మూత మీద గుడ్డ కట్టి, చీకటి గదిలో పెట్టేది. మరుసటి ఏడు కోతనాడు ఆ జాడీ తెరిచేవారు. ఆ ద్రాక్షారసం కొంత ఇంటికి, కొంత చర్చికి. తాగినవాళ్లు దాని గురించి మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించేవారు.

ఆమె పోయిన తరువాత జాడీ బాధ్యత బాపు తీసుకున్నారు. అదే జాడీ, అదే పాళ్లు, అవే లవంగాలు. మొదటి ఏడే ఆ ద్రవం వేరే మార్గం పట్టింది. ఆబ్కారీ శాఖవారు ఈ పేరా చదివి కలత చెందనవసరం లేదు. సదరు ద్రవం తాగి మత్తెక్కిన దాఖలా ఒక్కటీ లేదు. దవడలు బిగుసుకున్న దాఖలాలు ఉన్నాయి; అవి వేరే శాఖకు చెందుతాయి.

పొలం మీద అధికారం పెద్దమ్మ తమ్ముడిది, అనగా బాపు బామ్మర్దిది. కష్టజీవి, మాట తక్కువ మనిషి. పందిరి బాగుచేయించలేక, మందులు కొట్టలేక విసిగిపోయి, తీగలు తీసేసి వంకాయలు వేస్తానన్నాడు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. వంకాయకు పందిరి అక్కరలేదు. బాపు వాదించలేదట, మీ అక్క చేతి తీగలు కదా అని మాత్రం అన్నారట. అప్పుడు బామ్మర్ది ఒక షరతు పెట్టాడు. ఆ షరతు బాపు నోట మేము ఎన్నోసార్లు విన్నాం గనుక ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

“ఏడాదికొకసారి బయటోళ్లు వచ్చి తాగి మంచిగుంది అంటె తీగలుంటయ్ బావా. బయటోడు ఒక్కడు బాగలేదన్నా తీసేస్త. ఇంటోళ్ల మాట లెక్కకు రాదు.”

ఇంటివాళ్లు రుచి కూడా చూడరాదు. ఆ కుటుంబంలో అది పాత పద్ధతి. చేసిన చెయ్యి మెచ్చుకోరాదు, ముందు అతిథి నోరు తెరవాలి.

ఆ విధంగా మా గల్లీకి ద్రాక్షతోట యాత్ర సంక్రమించింది. యాత్ర పూర్తిగా ప్రైవేటుది. టికెట్టు లేదు, బోర్డు లేదు, ఆహ్వానం ఉంటే తప్ప ప్రవేశం లేదు. శాశ్వత సభ్యులం ముగ్గురం: నేను, చార్మినార్ దగ్గర గాజుల దుకాణం నడిపే సేఠ్, దర్జీ చాచా. చాచా తాగడు గనుక ఆయనకు వాసన విభాగం అప్పగించారు. సేఠ్‌ది ముఖ విభాగం. ఒక గాజు ధర మీద పొద్దంతా బేరం సాగినా ఏ భావమూ కనబడని ముఖం ఆయనది. నాకు ప్రత్యేక అర్హత ఏదీ లేదు. యూనివర్సిటీలో చదివాను కాబట్టి నా మాటకు బరువుంటుందని బాపు నమ్మకం.

యాత్రకు ముందు శనివారం సాయంత్రం బాపు అరుగు మీద రిహార్సలు ఉండేది. ఈ అంశం అధికారులు జాగ్రత్తగా నమోదు చేసుకోవాలి. బాపు చింతపండు నానబెట్టి, చిక్కగా పిసికి, ఉప్పూ బెల్లమూ లేకుండా స్టీలు గ్లాసుల్లో పోసి మా చేతికిచ్చేవారు. మేము తాగాలి. కన్ను చిట్లించకుండా, పెదవి ముడవకుండా తాగి, “మంచిగుంది” అనాలి. ఆయన ఎదురుగా కూర్చుని, కార్ఖానాలో తయారైన సామాను తనిఖీ చేసినట్టు మా ముఖాలు తనిఖీ చేసేవారు.

మొదటిసారి నేను అడిగాను, ఇది అబద్ధం కాదా అని. ఆయన నా గ్లాసు మళ్లీ నింపారు. “నిజం చెప్పనీకి పట్నంల మస్తు మంది ఉన్నరు బిడ్డా. ఫికర్ చెయ్యకు, వాళ్ల పని ఆగదు. నువ్వు జర ఎడమ కన్ను చూసుకో. గుంజుతున్నది.”

ఆదివారం పొద్దున టెంపోలో బయలుదేరేవాళ్లం. బాపు ఒళ్లో తువ్వాలులో చుట్టిన గ్లాసులు. బార్కస్‌లో ఆగి సీజను చివరి జామకాయలు కొనేవాళ్లం. సేఠ్ బేరం ముగిసేదాకా అందరం కాయలు తింటూ నిలబడేవాళ్లం. ఆ తరువాత ఇళ్లు పల్చబడి, బండరాళ్లు పెరిగి, దూరాన పందిరి పచ్చగా కనబడేది. బాపు మాట్లాడడం ఆపేసేవారు.

తోటలో దిగగానే మాత్రం గైడుగా మారిపోయేవారు. ప్రతి ఏడూ అవే మాటలు, అదే వరుస. ఇది మీ పెద్దమ్మ నాటిన మొదటి తీగ. ఈ కడీని ఆమె పక్కన నిలబడి నిలబెట్టించింది, అందుకే వంకరగున్నది. ఇక్కడ కూర్చుని గుత్తులు కత్తిరించేది. వంకర కడీ దగ్గర మేము నవ్వాలి, నవ్వేవాళ్లం. ఆ తరువాత పందిరి కింద నులక మంచాల మీద కూర్చుంటే, చీకటి గదిలోంచి జాడీ వచ్చేది. బామ్మర్ది ఒక కడీకి ఆనుకుని, చేతులు కట్టుకుని, న్యాయమూర్తిలా నిలబడేవాడు. చాచా తన గ్లాసు ముక్కు దాకా తెచ్చి, కళ్లు మూసుకుని, “వాహ్, క్యా ఖుష్బూ హై” అనేవాడు. సేఠ్ ఒక్క గుక్కలో తాగి, గాజులు చూసినట్టు గ్లాసును వెలుగులో తిప్పి, మస్తుగున్నదనేవాడు. నేను రెండు వాక్యాలు చెప్పేవాణ్ణి. బామ్మర్ది తల ఊపేవాడు. తీగలకు మరో ఏడు ఆయుష్షు.

ఇలా ఏళ్లు గడిచాయి. తరువాత చర్చికి కొత్త అయ్యగారు వచ్చారు. కోస్తా వైపు మనిషి, చిన్నవాడు, మంచివాడు. తన సంఘానికి పెద్ద అయిన బాపు చెప్పే తోటను చూస్తానని ముచ్చటపడితే బాపు కాదనలేకపోయారు. దైవసేవకుడికి చింతపులుసు ఇచ్చి ముఖం బిగించడం నేర్పడానికి ఆయనకు మనసొప్పలేదు. రిహార్సలు లేకుండానే అయ్యగారిని టెంపో ఎక్కించారు. దారి పొడుగునా సేఠ్ నన్ను మోచేత్తో పొడుస్తూనే ఉన్నాడు, ఆయనకు ఏదైనా చెప్పమని. ఏం చెప్పను? అబద్ధమాడమని పాదిరికి పాఠం చెప్పే తరగతి మా యూనివర్సిటీలో లేదు.

చాచా వాహ్ అన్నాడు. సేఠ్ మస్తన్నాడు. నా రెండు వాక్యాలు అయినాయి. అయ్యగారు ఒక గుక్క తాగి, ముఖమంతా ముడిచి, ఎంతో దయగా అన్నారు:

“ఇది వెనిగర్ అయిపోయిందండీ. చర్చిలో ప్రభురాత్రి సంస్కారానికి పనికిరాదు. జాడీకి గాలి తగిలింది. ఎవరో మూత తీస్తూ ఉన్నారు.”

బాపు తువ్వాలు మడత పెట్టడం మొదలుపెట్టారు. మడిచి, విప్పి, మళ్లీ మడిచారు. బయటివాడు ఒక్కడు బాగలేదన్నాడు. షరతు ప్రకారం ఇక వంకాయలే.

బామ్మర్ది కడీని వదిలి వచ్చాడు. నా చేతిలోని గ్లాసు తీసుకున్నాడు. అందులో మూడు వంతులు మిగిలే ఉంది. రెండు వాక్యాలకు అంతకన్నా అవసరం పడదు. దాన్ని ఎత్తి చివరిదాకా తాగాడు. కన్ను చిట్లలేదు, పెదవి ముడవలేదు.

“మంచిగనే ఉంది” అన్నాడు. తరువాత అయ్యగారి వైపు తిరిగాడు. “అయ్యగారు, మీరు బయటోళ్లు గాదు. మా అక్కను మట్టిల పెట్టింది మీ చర్చే. మీరు ఇంటోళ్ల కిందికే వస్తరు. ఇంటోళ్ల మాట లెక్కకు రాదు.”

నేను న్యాయశాస్త్రం కొంత చదివాను. అంతకన్నా సక్రమమైన తీర్పు నా చదువులో తగలలేదు. అయ్యగారు ఒకసారి బామ్మర్దినీ, ఒకసారి తువ్వాలునూ చూశారు. తెలివైనవారు. “అయితే నేను ఇంటివాణ్ణే. ఇంటివాళ్లకు భోజనం ఎన్ని గంటలకండీ?” అన్నారు. ఆ ఏటినుంచి ఆ ద్రవం ఒక సీసా వెంట తీసుకుపోయేవారు. చర్చికి కాదు, వంటింట్లో ఉల్లిగడ్డలు నానబెట్టడానికి.

తిరుగు ప్రయాణంలో టెంపో బార్కస్ దాటేదాకా బాపు ఒళ్లోని గ్లాసులు తుడుస్తూ కూర్చున్నారు. తరువాత నెమ్మదిగా, తనలో తాను అనుకుంటున్నట్టు, “ప్రాక్టీసు లేకుంట తాగిండు” అన్నారు. మళ్లీ కొంత దూరం పోయాక, “పెద్దోడు వాడు” అన్నారు.

కిందటేడు కోత కాగానే బాపు కాలు వాచింది. సైకిలు ఎక్కడం మానేశారు. అరుగు మీద కూర్చుని, బార్కస్ దిక్కు పోయే ప్రతివాణ్ణీ తోట దాకా పోతున్నావా అని అడిగేవారు. ద్రాక్షపండ్ల మీద మనసు పోయిందనుకుని సేఠ్ మార్కెట్టు నుంచి ఒక బుట్ట తెచ్చి ఇచ్చాడు. బాపు వాటిని గల్లీ పిల్లలకు పంచేశారు.

బాపును మట్టిలో పెట్టిన మూడో నాడు బామ్మర్ది మా గల్లీకి వచ్చాడు. అరుగు మీద బోర్లించిన గ్లాసు అలాగే ఉంది; ఎవరమూ తీయలేదు. ఆయన దాని పక్కన కూర్చున్నాడు. మేము ముగ్గురం నిలబడ్డాం. షరతు బాపుతో చేసుకున్నది. ఇప్పుడు బాపు లేరు. వంకాయల కబురు వినడానికి మేము ముఖాలు సిద్ధం చేసుకున్నాం. అందులో మాకు శిక్షణ ఉంది.

ఈ ఏడు కోతకు ఎప్పటిలాగే రావాలన్నాడు. తీగల గురించి అడగబోతే చెయ్యి అడ్డం పెట్టాడు, తీగలెక్కడికీ పోవన్నాడు. అంతలో చాచా, ఎంతయినా దర్జీ, విప్పదీయడం వృత్తి, ఇంతకూ ఆ మూత తీసేది ఎవరని అడిగేశాడు.

“ఇంకెవరు, బావే” అన్నాడు బామ్మర్ది. “వారం వారం సైకిలేసుకొని వచ్చెటోడు. గదిలకు పోయి మూత తీసి, మొఖం దగ్గరికి పెట్టి, జరసేపు గట్లనే కూసునెటోడు. మా అక్క దగ్గర గదే వాసన. గాలి తగిల్తె పులుస్తదని అక్క నాకు చిన్నప్పుడే చెప్పింది. ఎరుకే. గని ఎట్ల వద్దంట?”

లేవబోతూ మళ్లీ అన్నాడు. “కాలు వాచినప్పటి సంది బావ రాలే. మూత ఎవ్వరు ముట్టలే. ఈ యేడుది మంచిగ అయ్యుంటది.”

ఆ మాటకు సేఠ్ ముఖం కదిలింది. సాక్షుల ఎదుట అలా జరగడం అదే మొదటిసారి. నులక మంచం మీద కూర్చుని, తీయగా ఉన్నదాన్ని తాగి, మంచిగుందని నిజం చెప్పవలసి వస్తుంది. మా ముగ్గురికీ దానికి తగిన ముఖం లేదు.

కావున పై సంగతులన్నీ చిత్తగించి, అధికారులు గాని, వారి కుర్చీలు గాని, పాఠకులు గాని, మా గల్లీ తరఫున దాఖలు చేసుకుంటున్న ఈ క్రింది కోరికను ఆమోదించవలెనని ప్రార్థన.

డిమాండు నెం. 1: సదరు తోటలో చీకటి గదిలో ఉన్న జాడీ దగ్గరికి ప్రతి వారం ఒక మనిషి సైకిలు మీద వెళ్లవలెను. అతడు మూత తీసి, ఏమీ తాగక, ముఖం దగ్గరగా పెట్టి, ఎంతసేపు కూర్చోబుద్ధయితే అంతసేపు కూర్చుని, మళ్లీ మూత వేసి, గుడ్డ కట్టి రావలెను.

డిమాండు నెం. 2 లేదు.