పెరిగిన కోడుబళ్ళు

మా చిన్నప్పుడు... దీపావళి ముందు మా వంటింట్లో కట్టెల పొయ్యి మీద శనక్కాయ నూనె కాగిందంటే, వీధి చివర ఆడుకునే పిల్లలకు కూడా తెలిసిపోయేది. కోడుబళ్ళు చేస్తున్నారని!

తెలియనివాళ్ళకు చెప్పాలి కదా... కోడుబళె అంటే నడుమ తూటుతో ఉంగరంలా ఉండే పిండివంట. కన్నడంలో బళె అంటే గాజు. మాది పావగడ తాలూకా, మంగళవాడ పక్కన పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. మా నోట్లో పడి ఆ పేరు "కోడిబళె" అయిపోయింది. అనంతపురం వైపు నుంచి వచ్చిన చుట్టాలు ఇందులో కోడి యాడుందని ఎగతాళి చేసేవారు.

రెండు రకాలు చేసేవాళ్ళం. బియ్యప్పిండిలో వేయించిన శనక్కాయల పొడి, కారం, వాము, ఉప్పు కలిపి, కాగిన నూనె కొంచెం పోసి పిసికితే ఉప్పువి. గోధుమపిండిలో బెల్లం నీళ్ళు, నువ్వులు వేస్తే తీపివి. పిండి కలిపేదీ, నూనెలో వేసి తీసేదీ అమ్మ. పిండిని తాడులా పేని, వేలికి చుట్టి, కొసలు అతికించేది నేను. నావి సన్నని వేళ్ళు కాబట్టి తూటు చక్కగా వస్తుందని ఆ పని నాకే అంటగట్టారు.

మరి తినేది?

అక్కడే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండేది. నాన్నను కన్న అవ్వ, చాట ముందర పెట్టుకుని కూర్చుని ఏరేది. నిండువి డబ్బాలోకి, విరిగినవి గిన్నెలోకి. డబ్బా నాన్నకు, అన్నకు, వచ్చే మగ చుట్టాలకు. గిన్నె అమ్మకు, నాకు. మా అన్న ఐదు వేళ్ళకూ కోడుబళ్ళు తొడుక్కుని, వీధంతా ఊరేగి, నాకు చూపించి చూపించి కొరికేవాడు...

పైగా పండగపూట అవ్వ "విరిగింది" అనే మాట నోట రానిచ్చేది కాదు. పెరిగింది అనాలట. పెరిగినవి తింటే ఆడబిడ్డ బాగా పెరుగుతుందని నాకు నచ్చజెప్పేది. నేనూ నమ్మాను! అన్నకంటే నాకే మంచివి పెడుతోందేమో అనుకుని మురిసిపోయాను కూడా. ఆ మురిపెం తలుచుకుంటేనే ఎక్కువ మంట.

ఒకసారి శనక్కాయలు ఒలుస్తుంటే అమ్మ చేతి గాజు రాతికి తగిలి రెండు ముక్కలైంది. "అయ్యో, గాజు పెరిగిందే" అంది అమ్మ. గాజు పగిలిందని అనకూడదు, పెరిగింది అనాలని అప్పుడే నాకు తెలిసింది. ముక్కలు కళ్ళ ముందే ఉన్నాయి. అంటే ఇన్నాళ్ళూ నా గిన్నెలో పెరిగింది ఇదా!

ఆ ఏడు వానల్లేవు. శనక్కాయ చెట్టు పూతకొచ్చి ఎండిపోయింది. ఇంట్లో నూనె తక్కువ, కాబట్టి దీపావళికి చేసిన కోడుబళ్ళూ తక్కువే. నేను ఒళ్ళు దగ్గర పెట్టుకుని చుట్టినందుకు విరిగినవి మరీ తక్కువ. ఎంత బాగా చేస్తే నాకు అంత తక్కువన్నమాట... ఇదెక్కడి న్యాయం?

నాకు పెరిగినవి వద్దు, నిండుదే కావాలని మొండికేశాను. అవ్వ విననట్టే ఏరుకుంటోంది.

"బళె అంటే గాజే కదవ్వా. గాజులేసుకునేది నేనా, అన్ననా?" అని అడిగాను.

అవ్వ చెయ్యి ఆగింది. అరవలేదు. నెమ్మదిగానే అంది.

"మొగపిల్లోడు ఇరిగింది తింటే ఇల్లు ఇరగతాది. నువ్వు యా ఇంటికో పొయ్యేదానివి."

పండగపూట ఎవరినీ అననివ్వని మాట, నా దగ్గరికొచ్చేసరికి తన నోటే వచ్చేసింది.

అమ్మ పొయ్యి దగ్గరుంది. అత్తకు ఎదురు చెప్పి ఎరగని మనిషి. బాణలి దించి, చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి, నిండు డబ్బాను చాటలోకి వంచింది. తర్వాత ఒక్కొక్కటే తీసి విరవడం మొదలుపెట్టింది. తీపివీ, ఉప్పువీ... ఒక్కటీ వదల్లేదు. అన్న గుక్కపెట్టి ఏడుస్తున్నా ఆగలేదు. చాట తీసుకెళ్ళి అవ్వ ముందర పెట్టింది.

"అత్తా, అన్నీ పెరిగినాయి. ఇంగ అందరమూ తినొచ్చు."

నిండుది ఏదైనా మిగిలిందేమోనని అవ్వ చాటంతా కెలికింది. ఆఖరికి ఒక తీపి ముక్క తీసి నోట్లో వేసుకుంది. నాన్న చేనికాడి నుంచి వచ్చి ఏమీ అడక్కుండా తిన్నాడు. ఇల్లేమీ విరగలేదు! వానలు రానిది కూడా అందుకేనని ఎవరూ అనలేదు, అదే పదివేలు. నాకు మాత్రం ఆరోజు కూడా నిండుది దక్కలేదు. అందుకు నేనూ ఏడ్చాను.

ఇప్పుడు మా వైపు శనక్కాయ చేలల్లో సోలార్ పలకలు పరుచుకున్నాయి. కోడుబళ్ళు బస్టాండులో పాకెట్లలో దొరుకుతున్నాయి. అయినా మొన్న పండక్కి ఇంట్లోనే చేశాను. నా కూతురు పది వేళ్ళకూ తొడుక్కుని ఇల్లంతా తిరిగింది. కాదనే అవ్వ లేదు.

అమ్మ మాత్రం పళ్ళెంలో వెతికి వెతికి విరిగిన ముక్కలే ఏరుకుంటోంది. నాకు కోపం నెత్తికెక్కింది. ఆ ముక్క లాక్కుని, నిండుది చేతిలో పెట్టి, ఇంకా ఎవరికి భయపడతావని గట్టిగానే అడిగేశాను.

అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. తూటులో వేలు పెట్టి నవ్వింది.

"భయం కాదు పాపా... పండ్లు ఊడిపోయినాయి. నిండుది యాడ కొరికేది?"

నిండువి తినే కాలం వచ్చేసరికి ఆమె నోట్లో పళ్ళు లేవు... ఎవరిని తిట్టాలో తెలియక, నా చేత్తోనే దాన్ని విరిచి పెట్టాను.

మీ ఇంట్లో పెరిగినవి ఎవరి గిన్నెలో పడేవి? రాయండి... మీకు గుర్తులేకపోతే మీ అమ్మనడగండి, ఆమెకు గుర్తుంటుంది.