ఆదివారం బండెక్కని కొరమీను

మొన్న ఆదివారం చర్చి నుంచి వస్తూ మా మనవరాలు నన్ను నెల్లూరు చేపల మార్కెట్లోకి లాక్కెళ్లింది. ప్లాస్టిక్ తొట్టిలో కొరమీనులు తిరుగుతున్నాయి. ఒకరోజు మేత ఆపి తెస్తే దారిలో చావవని దుకాణదారు తనే కనిపెట్టినట్టు చెబుతుంటే నాకు నవ్వూ వచ్చింది, రోషమూ వచ్చింది. ఆ పని మా అత్తగారు దొరవారిసత్రంలో నా పెళ్లినాటికే చేస్తుండేవారు. కాకపోతే ఆవిడ దృష్టిలో అది చేపల విద్య కాదు, దేవుడి రోజు.

మా ఆయన శనివారం గుంటల్లో పట్టిన కొరమీనులను ఆవిడ పెరటి తొట్టిలో, ఆ గుంట నీళ్లలోనే వదిలేవారు. ఆదివారం ప్రార్థన తప్ప వేరే పని ఉండేది కాదు. మాకు అన్నం ఉండేది, చేపలకు మాత్రం పస్తు. తొట్టి మీద తాటాకులు కప్పి, పక్కన నేను గట్టిగా నడిచినా కళ్లురిమేవారు. "వాటికీ విశ్రాంతి గావాల" అనేవారు. కొత్త కోడలికి లేని విశ్రాంతి చేపలకెందుకని లోపల గొణుక్కునేదాన్ని. సోమవారం తెల్లారి వెడల్పు మూతి కుండల్లో సగానికే నీళ్లు పోసి, చేపలు పైకొచ్చి గాలి పీల్చుకోవడానికి చోటు వదిలి, తడి గోనె కప్పి, అత్తగారూ నేనూ గూడూరు రైలెక్కేవాళ్లం. చీకటిగా ఉంటే చేప బెదరదు, కుండకు కొట్టుకోదు.

గూడూరులో మా చేపలు కొనేది ఒకే ఒక్క వ్యాపారి. ఆ కుండలు ఖాళీ కాకపోతే మా పొయ్యి వెలగదు. అది తెలిసే అతను ఒకరోజు బిగుసుకున్నాడు. గిరాకీ ఆదివారమే కాబట్టి ఆదివారమే తేవాలట. అదీ కడుపునిండా మేపి తేవాలట, పస్తున్న చేప తూకానికి రాదట. లేదంటే ఇక రావొద్దన్నాడు. అత్తగారు చెంగు బొడ్లో దోపుకున్నారు.

"ఆదివారం నేను బండెక్కేదే లేదన్నా. నువ్వు కొనకపోతే ఈ ఊళ్లో చేప తినేవాళ్లే లేరా?"

తర్వాతి సోమవారం సరిగ్గా అతని కొట్టుకెదురుగా, రోడ్డుకు ఇవతల కుండలు దించారు. అతను ఆదివారానికి వేరేవాళ్లతో తెప్పించిన చేపలు తిన్నదంతా కక్కి, నీళ్లు పాడుచేసుకుని దారిలోనే చచ్చాయట. ఆ కంపు మా దాకా కొడుతోంది. అత్తగారు గోనె తీశారు. ఒక కొరమీను తోక విదిలిస్తే నా ముఖమంతా నీళ్లు. పక్క మార్కెట్లో నిమ్మకాయల బేరానికొచ్చినవాళ్లు కూడా మూగారు. మధ్యాహ్నానికి ఒక్క కుండ మిగిలింది. అప్పుడొచ్చాడు వ్యాపారి, అది తనకిమ్మని, ఇకనుంచి సోమవారమే తెమ్మని.

"సోమవారం తెస్తా. నీకు గాదు" అని, ఆవిడ దారిన పోయే ఒక ఇల్లాలిని పిలిచారు. ఆ పూట నాకు కలిగిన గర్వం తర్వాత నా బిడ్డలు పాసైనప్పుడు కూడా కలగలేదు. ఓపిక ఉన్నన్నాళ్లూ ఆవిడ అక్కడే కూర్చుని అమ్మారు.

ఆ కొట్టు పోయింది, కుండలు పోయాయి, అత్తగారూ వెళ్లిపోయారు. మార్కెట్లో మనవరాలు చేప తూయించబోతుంటే చెయ్యి పట్టుకుని, రేపు వద్దాం పదమ్మా అన్నాను. ఇన్నేళ్ల కాలం నా దగ్గర్నుంచి చాలా లాక్కుంది గానీ, మా అత్తగారి ఆదివారాన్ని మాత్రం నేనివ్వలేదు.