మూడు షాఫ్టులు, వదిన చింతపండు

చింతపండుతో ఒక కార్ఖానా మూతపడగలదంటే మీరు నమ్మరు. ఎనభైల చివర్లో ఒక శుక్రవారం దాకా నేనూ నమ్మేవాణ్ణి కాదు.

మా ఊళ్ళో కొత్తవాడ అవతల మా అన్నకు ఇనుము చెక్కే చిన్న లేత్ షెడ్డు ఉండేది. మోటారు పంపులకు షాఫ్టులు, అంటే లోపల తిరిగే ఇనుప కడ్డీలు, చేసేవాళ్ళం. ఇకపై సీఎన్‌సీ లేత్ మీద, అంటే కంప్యూటర్ చెప్పినట్టు కోసే మిషన్ మీద, చేసినవే తీసుకుంటామని పంపుల వాళ్ళు కబురు పెట్టారు. ఆ మిషన్లు అమ్మే రెండు కంపెనీలు మాదంటే మాది కొనమన్నాయి. అన్న తనకున్న పొలం అమ్మడానికి సిద్ధపడ్డాడు. తప్పు మిషన్ వస్తే పొలమూ షెడ్డూ రెండూ పోతాయి. ఏది మంచిదో చూసి రమ్మని నన్ను హైదరాబాద్ పంపాడు. ఇంట్లో పుస్తకాలు ఎక్కువ చదివేవాణ్ణి నేనే. పుస్తకాలకూ లేత్‌కూ ఏం సంబంధమని మీరు అడగవచ్చు. అప్పుడు ఎవరూ అడగలేదు.

మా యాకోబు మేస్త్రి పాత లేత్ మీద ఒక షాఫ్టు చేసి నమూనాగా ఇచ్చాడు. దాన్ని చూసి రెండు కంపెనీలూ చెరొకటి చేసి ఇచ్చాయి. ఏది ఎవరిదో మూడింటి మీదా సుద్దముక్కతో రాసి, సంచిలో వేసుకుని ఇంటికి వచ్చాను. మరునాడు లేచేసరికి మూడూ దేవుడి చెంబుల పక్కన ఆరుతున్నాయి.

"వదినా, వీటికి ఏం జేసినవ్?"

"జిడ్డు జిడ్డుగున్నయని చెంబులతోటే చింతపండు వెట్టి తోమిన. ఎట్ల మెరుస్తున్నయో జూడు!"

"రాసిన గుర్తులు?"

"ఆ తెల్ల మరకలా? అన్ని పోయినయి. ఫికర్ జెయ్యకు."

అన్న కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కాదు. కళ్ళద్దాలు తీసి చూసేవాడు. దానికన్నా దెబ్బలు నయం. నిజం చెప్పాల్సింది. చెప్పలేదు.

షెడ్డులో అన్న మూడింటినీ కొలిచాడు. రెండింటిలో వెంట్రుకవాసి తేడా. ఒకటి మాత్రం సరిగ్గా కొలతకు ఉంది.

"గిది ఎవలది తమ్మీ?"

"మొదటి కంపెనీది అన్నా," అన్నాను.

"మిగిలినయి?"

"ఇది రెండో కంపెనీది. ఇది... మన మేస్త్రిది."

అన్న మేస్త్రిని పిలిచాడు. "యాకోబూ, మిషన్ పనితనం జర చూడు!"

మిషన్ వస్తే తనను పంపించేస్తారని యాకోబుకు అప్పటికే భయం. షాఫ్టు తీసుకుని అంచు మీద బొటనవేలు పోనిచ్చాడు. మిగతా రెండూ అలాగే చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"సేట్, గిది నాది. చెయ్యి కోసుకోవద్దని అంచు ఆకురాయితోని రుద్దిన. గీతలు కనవడ్తలేవా? ఎవల చెయ్యి తెగితే మిషన్‌కేంది?"

అన్న కళ్ళద్దాలు తీశాడు.

చింతపండుతో సహా అంతా చెప్పేశాను. యాకోబు తన షాఫ్టును అన్న ముందు పెట్టాడు.

"నాకు గిది చెయ్యనీకి పొద్దంత పట్టింది. ఆళ్ళకు ఎంత సేపు వట్టింది చిన్నసేట్?"

"పది నిమిషాలు. ఇద్దరికీ."

"ఇంకేంది సేట్, మిషన్ కొనుడే. కని ఈసారి హైదరాబాద్ నన్ను పంపు. దాని కాడ నిలవడేటోన్ని నేనే గద."

"నువ్వే పో," అన్నాడు అన్న. "తమ్మిని ఇంట్ల ఉంచుత. వదినకు చెంబులు తోమనీకి మనిషి గావాలె."

యాకోబు ఎంచిన మిషన్ వచ్చింది. దాని ముందు యాకోబే నిలబడ్డాడు. పొలం పోయింది గాని షెడ్డు నిలిచింది.

అన్న పోయి ఏడాదైంది. ఆయన ఇక కళ్ళద్దాలు తీసి చూడడు గనకే ధైర్యంగా ఇది రాస్తున్నాను. ఇనుముతో చేసిన ఏ వస్తువు గురించీ, చివరికి అట్లపెనం గురించైనా సరే, ఈ జన్మలో అభిప్రాయం చెప్పనని ఆనాడే ప్రమాణం చేశాను. ఇప్పటికీ కట్టుబడి ఉన్నాను. నన్నెవరూ అడగకపోవడం కూడా కొంత సాయపడింది.