దేవిని ఎత్తే చేతులు

హిందీ మాట్లాడే సిద్ధగోరా బస్తీలో కాపురముంటున్న నూకమ్మ కూతురు దేవికి ఇరవై రెండేళ్ళు. పుట్టుకతోనే కాళ్ళు పనిచెయ్యవు. మంచం మీంచి చక్రాల కుర్చీలోకి, కుర్చీలోంచి స్నానానికి ఎత్తింది ఎప్పుడూ నూకమ్మ చేతులే. ఆమె నడుం పట్టేసి, ఇక బరువులెత్తొద్దని డాక్టరు గట్టిగా చెప్పాక, సాయానికో మనిషిని పెట్టుకోక తప్పింది కాదు.

వచ్చినవాళ్ళందరికీ నూకమ్మ వంక పెట్టింది. ఒకామెకి గోళ్ళు పొడుగు, ఇంకొకామెకి నోరు పెద్దది. అసలు కడుపుమంట వేరే. తన పిల్లని ఇంకొకత్తి ముట్టుకోవడమేటి?

ఆ తర్వాత ఫూల్‌మణి అనే పిల్ల పనికి వచ్చింది. ఎలా ఎత్తాలో నూకమ్మ చెప్పబోతుంటే, ఆ పిల్ల మంచం పక్కన కూర్చుని దేవినే అడిగింది. “దీదీ, కైసే ఉఠాఊఁ?”

దేవి మొహం విచ్చుకుంది. చంకల్లో చేతులేస్తే భుజాలు లాగేస్తాయని, వీపు కిందా మోకాళ్ళ కిందా పట్టి ఎత్తమని గడగడా హిందీలో చెప్పింది. ఫూల్‌మణి అలాగే ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టింది. ఇద్దరూ నవ్వుకున్నారు.

నూకమ్మకి ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళూ తను ఎత్తింది చంకల్లో చేతులేసే.

“నాకెప్పుడూ చెప్పలేదేటే? ఇప్పుడొచ్చిన దానికి చెప్తావా?”

“చెప్తే నువ్వేడుత్తావు కదమ్మా.”

నూకమ్మ ఏడవలేదు. కొంగు బొడ్లో దోపుకుని ఫూల్‌మణిని పక్కకి నెట్టింది.

“హటో! నడుం ఇరిగితే ఇరగనీ. చెప్పవే, ఎలాగెత్తమంటావు?”