ముడి అచ్చు దాకా వచ్చేలోపు

నా చిన్నప్పుడు గద్వాలలో మా ఇంటి గుంత మగ్గం మా మేనత్తది. వారమంతా నేసేది. ఆదివారం మాట్నీకి పోయేది. సోమవారం నుంచి నేస్తూ నేస్తూ ఆ సినిమా కథ నాకు చెప్పేది. టికెట్టు ఒకటి, చూసేవాళ్లు ఇద్దరు.

ఒక ఆదివారం ఆమె సినిమాకు పోయినప్పుడు, గోడ దాకా చాపిన పడుగు పోగుల పక్కన చల్లగా ఉందని కూర్చుని కాగితం బొమ్మలు కత్తిరిస్తున్నాను. కత్తెర కాగితం దాటి కాస్త ముందుకు పోయింది. ఆరు పోగులు తెగాయి.

అది మా అక్క పెళ్లిచీర. ఏళ్లకేళ్లు సావుకార్లకు నేసిన అత్త, మొదటిసారి ఇంటి పిల్ల కోసం పట్టు కూడబెట్టి మగ్గం ఎక్కించింది. పది రోజుల్లో ఇటిక్యాలలో పెళ్లి. ఇది పాడైతే ఇంకో పడుగు ఎక్కించే వ్యవధి లేదు.

తెగిన పోగుల్ని మా వాళ్లు బూడిద అద్దిన వేళ్లతో సన్నగా మెలిపెట్టి అతుకుతారు. నేను లంగా బొందుకు వేసే ముళ్లు వేశాను. చాలా గట్టిగా వచ్చాయి. అదే వాటి తప్పు. దువ్వెన పళ్లలాంటి అచ్చులోంచి అంత లావు ముడి దూరదు. అక్కడ ఇరుక్కుని, పక్క పోగుల్ని కూడా తెంపి, చీరను నడిమధ్యలో చెడగొడుతుంది.

నా ముళ్లు అచ్చుకు ఆరు మూరల దూరంలో ఉన్నాయి. అత్త రోజుకు రెండు మూరలు నేసేది. లెక్కల్లో నేనెప్పుడూ వెనకే. ఈ లెక్క మాత్రం ఎవరూ అడగకుండానే వచ్చింది.

సోమవారం కథ మొదలైంది. ఒంటరి ఆడమనిషి ఇల్లు. ఆమె రాకముందే ఒకడు కత్తి పట్టుకుని లోపలి గది తలుపు వెనక దాక్కున్నాడు.

"వచ్చుడుతోనే పొడుస్తడా అత్త?"

"వచ్చుడుతోనే పొడిస్తే సిన్మా ఏడుంటదే? ఆమె వచ్చింది. చెప్పులిడిసింది. బియ్యం కడుగుతున్నది. జర నింపాదిగ కడుగుతున్నది. మనకు తెల్సు, ఆమెకు తెల్వదు. గంతే."

అడ్డపోగు మోసే నాడె అటు పోయి ఇటు వచ్చింది. ముళ్లు వెంట్రుకవాసి దగ్గరయ్యాయి.

మంగళవారం పొద్దుగూకే దాకా ఆ బియ్యం ఉడకలేదు. మా ఇంట్లో ఉడికినవి నా గొంతు దిగలేదు.

"నడుమ పాటలు గిట్ల లేవా?" అని అడిగాను.

"ఒకటుంది. ఆమెనే పాడుతది. ఆ తలుపు దిక్కు నడుసుకుంట."

బుధవారం ముళ్లు జానెడు దూరానికి వచ్చాయి. సినిమాలో ఆమెకు ఎవరన్నా చెప్పొచ్చు గద అన్నాను.

"తెల్సినోళ్లంత కుర్సీలల్ల కూసున్నరు బిడ్డ. తెర లోపలికి ఎట్ల పోతరు?"

నేను కుర్చీలో లేను. మగ్గం పక్కనే ఉన్నాను.

"అత్త, పడుగు నేనే తెంపిన. ముడేసిన."

అత్త నాడె ఆపింది. వెతక్కుండానే సరిగ్గా ముళ్ల మీద వేలు పెట్టింది. "సోమారం పొద్దుగాలనే చేతికి తగిలినయి," అంది.

"నేను చెప్పకపోతే?"

"ఇంకో బెత్తెడు సూద్దామనుకున్న. నువ్వొక్కదానివే భయపడ్డవనుకున్నవా? మూడు దినాల సంది నాకు నిద్ర లేదు."

బూడిద తెచ్చి నా చేతే ముళ్లు విప్పించి, ఆరు పోగులూ నా చేతే అతికించింది. రెండు మళ్లీ తెగాయి, మళ్లీ అతికించాను. దీపాలు పెట్టే వేళకు ఆరూ అచ్చు దాటాయి. ఆ వారం టాకీసులో ఆడింది భక్తి సినిమా అని తర్వాత తెలిసింది. అందులో బియ్యం కడిగేవాళ్లే లేరట.

కాలేజీకి వచ్చాక చదివాను, ఉత్కంఠ సినిమాలు తీసేవాళ్లు చేసేది ఇదేనట. చూసేవాడికి ముందే చెప్పి, పాత్రకు చెప్పకుండా, నడుమ కాలాన్ని సాగదీయడం. పుస్తకంలో మగ్గం ప్రస్తావన లేదు. సాగదీసేవాడికి కూడా నిద్ర పట్టదని అసలే లేదు.

కిందటి నెల నాగర్‌కర్నూల్ దవాఖానలో మా ఆయన పరీక్షల రిపోర్టు వచ్చింది. మంచిది కాదు. నాన్నకు చెప్పొద్దని పిల్లలు రెండు రోజులు వాకిట్లో గుసగుసలాడారు. మూడోనాడు ఆయన లోపల అన్నం తింటున్నాడు. నేను వెళ్లి పక్కన కూర్చుని ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

ఆయన నోట్లో ముద్ద మింగాడు. "రెండు దినాల సంది సూస్తున్న, నువ్వెప్పుడు చెప్తవా అని," అన్నాడు. ఇంకొంచెం పప్పు వెయ్యమన్నాడు.